పిలవవలసిన వారందరినీ పిలిచి

సాన్ బార్తొలో,
ఫిబ్రవరి 9, సోమవారం

నెరేయిదాకు,

రొట్టెల తొరీబియో రేపు వ్యాను వేసుకుని మీ పేటకు వస్తాడు. ఈ ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. మీ గుంటలో ఫోను పలకదని నువ్వు బాధపడుతున్నావు గాని నాకేమీ లోటుగా లేదు. ఫోనులో అన్న మాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు. రేపు కాదంటే చూపించడానికి ఏమీ మిగలదు.

నువ్వు ఆ బడికి వెళ్ళి ఆరు నెలలైంది. పిల్లలకు ఎక్కాలు వచ్చాయా లేదా అన్నది పోయిన ఉత్తరంలో రాయలేదు. మామిడిపూత గురించి మాత్రం అర పేజీ రాశావు.

నిన్న ఊరి సభ. తొమ్మిదికి అన్నారు, పది నలభైకి మొదలైంది. అధ్యక్షుడు ఫ్లొరియాన్ టోపీ మరచిపోయి ఇంటికి వెళ్ళి వచ్చాడు. నా దగ్గర మూడో తరగతి రెండేళ్ళు చదివినవాడు, టోపీ లేనిదే మాట రాదు. మొదటి రెండు గంటలూ ఒక ఎద్దు మీద గడిచాయి. ఎవరి మొక్కజొన్నలో పడిందో అందరికీ తెలుసు, అయినా పదకొండు మంది లేచి చెప్పారు. పంతొమ్మిదేళ్ళుగా తీర్మానాల పుస్తకం రాస్తున్నాను, జీతం లేని కొలువు. ఎద్దు లేని సభ ఒక్కటీ చూడలేదు.

చివరికి నీళ్ళ సంగతి వచ్చింది. కొండ మీది మూడు రాళ్ళ ఊట నుంచి మన ఊరి తొట్టికి పైపు వేయాలని తీర్మానం. పైపులు సర్కారు ఇస్తుంది, కాలువ మనం కూలి లేకుండా ఊరిపనిగా తవ్వుకోవాలి. చేతులు లెక్కపెట్టే ఇద్దరిలో ఒకడు 181 అన్నాడు, ఇంకొకడు 196 అన్నాడు. సభ జరిగే రేకుల కప్పు బాస్కెట్‌బాల్ కోర్టంతా నడిచి నేనే లెక్కపెట్టాను. అవునన్నవారు 188, కాదన్నవారు 9. తీర్మానమైంది.

వచ్చే ఎండాకాలానికి నా వంటింటి కుళాయిలో నీళ్ళు వస్తాయి. ఫిబ్రవరి నుంచి తొలివాన దాకా చుక్క రాని కుళాయి అది. డెబ్బై ఆరేళ్ళు నాకు. ఇంతకుమించి చెప్పను.

అమ్మమ్మ


ఎల్ కార్రిసాల్,
ఫిబ్రవరి 12

అమ్మమ్మ గారికి,

ఎక్కాలు పన్నెండు దాకా వచ్చాయి. ఇప్పుడు అసలు సంగతి.

మూడు రాళ్ళ ఊట నీళ్ళు ఈ పేట తాగే నీళ్ళు. డెబ్బై ఇళ్ళకు వేరే నీరు లేదు. వానాకాలంలో ఊట పొంగుతుంది, ఊరికీ పేటకూ సరిపోతుంది. ఎండల్లో నా మణికట్టు లావు ధార వస్తుంది, అంతే. దాన్ని పైపులో పెట్టి ఊరికి తీసుకుపోతే ఇక్కడ మిగిలేది తడి రాయి.

ఈ కబురు పేటకు ఎవరు తెచ్చారో తెలుసా? తొరీబియో. రొట్టెలు అమ్ముతూ చెప్పాడు. పేట పెద్ద రుఫీనా గారు రొట్టె చేత్తో పట్టుకునే బడికి వచ్చారు.

"టీచరమ్మా, మా నోటికాడి నీళ్ళు ఎవరికిచ్చారో రొట్టెలోడు చెప్తే తెలిసింది. బాగుందా?"

"సభ పెట్టారు కదండీ. మీరెందుకు రాలేదు?"

"ఏ సభ? ఎప్పుడు?"

ఆవిడ అబద్ధం ఆడడం లేదు అమ్మమ్మా. ఆ రోజు ఆవిడ ఇక్కడే కాఫీ గింజలు ఆరబోస్తున్నారు, నేను చూశాను. మన కట్టుబాటు ప్రకారం పేటవాళ్ళకు కూడా సభలో చెయ్యి ఉంది కదా. మరి ఆ 188లో పేట చేతులు ఎన్ని?

నెరేయిదా


సాన్ బార్తొలో,
ఫిబ్రవరి 16

నెరేయిదాకు,

ఒక్కటీ లేదు. రానివాళ్ళ చేతులు నేనెలా లెక్కపెట్టను?

నీ ఉత్తరంలో కోపం ఎక్కువ, ఆలోచన తక్కువ. ఇది నలుగురు పెద్దమనుషులు తలుపేసుకుని తేల్చింది కాదు. పట్నంలోలాగా పెట్టెలో కాగితం పడేసి మొహం చాటేసింది కాదు. పట్టపగలు, అందరి ముందూ, పక్కవాడు చూస్తుండగా ఎత్తిన చేతులవి. నచ్చని తొమ్మిది మంది కూడా అందరి ముందే కాదన్నారు, వాళ్ళ ఇళ్ళమీద రాళ్ళేమీ పడలేదు. ఇంతకంటే శుద్ధమైన తీర్మానం ఎక్కడుందో చూపించు, వెళ్ళి నేర్చుకుంటాను.

పిలవలేదంటావా? పిలిచారు. నేనే రాశాను. ప్రతి సభకూ పుస్తకంలో మొదటి వాక్యం అదే: "గట్టు మీద మూడుసార్లు శంఖం ఊదించి, పిలవవలసిన వారందరినీ పిలిచి, ఈ సభ జరుపుకున్నాము." శంఖం వినీ కాఫీ గింజలు ఆరబోసుకుంటే అది రుఫీనా ఇష్టం. సభకు రానివాళ్ళు తరువాత ఏడవకూడదు. చిన్నప్పుడు నీకు ఇదే చెప్పాను, భోజనానికి పిలిచినప్పుడు రాకపోతే చల్లారిన బీన్సే.

ఆ ఊట కొండది. కొండ అందరిది. ఊరి నీళ్ళు ఊరు తీసుకుంటే దొంగతనం అన్నట్టు రాయకు.

అమ్మమ్మ


ఎల్ కార్రిసాల్,
ఫిబ్రవరి 24

అమ్మమ్మ గారికి,

మీ ఉత్తరం రుఫీనా గారికి చదివి వినిపించాను. తప్పయితే తిట్టండి. శంఖం మాట వచ్చేసరికి ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"శంఖమా! మా ఆయన బతికున్నప్పుడు విన్నాను. ఆయన పోయి అయిదేళ్ళు దాటింది."

"మరి సభలకు ఎలా తెలుస్తుంది మీకు?"

"సంత రోజున ఎవరో ఒకరు చెప్తే తెలుస్తుంది. చెప్పకపోతే తెలీదు. మైకు పెట్టుకున్నారుగా మీరు, ఇంక గట్టెక్కేదెవరు?"

ఆదివారం ఉదయం ఏడింటికి మన ఆఫీసు కప్పు మీద మైకు మోగుతుంది కదా. మొన్న ఆదివారం ఆరున్నరకే నేనూ రుఫీనా గారూ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ పేట చివర రాతి మీద నిలబడ్డాం. ఏడున్నర దాకా ఉన్నాం. కోళ్ళు వినిపించాయి. పక్కింటి ముసలాయన దగ్గు వినిపించింది. సాన్ బార్తొలో నుంచి ఒక్క ముక్క వినిపించలేదు. మధ్యలో గట్టు ఉంది అమ్మమ్మా. శంఖాన్ని గట్టు మీదికెక్కి ఊదేది అందుకే. మైకు గట్టు ఎక్కదు.

మీరు చేతులు సరిగ్గానే లెక్కపెట్టారు. మీరు రాసిన మొదటి వాక్యం అబద్ధం.

నెరేయిదా


సాన్ బార్తొలో,
మార్చి 16

నెరేయిదాకు,

మూడు వారాలు రాయలేదు. జబ్బు కాదు. రాయడానికి నా దగ్గర నిజం సిద్ధంగా లేదు.

నీ ఉత్తరం అందిన రోజే ఆఫీసుకు వెళ్ళి శంఖం ఎక్కడుందని అడిగాను. ముగ్గురు మూడు చోట్లు చెప్పారు. చివరికి బీరువాలో, పాత ఊరేగింపు జెండాల కింద దొరికింది. దాని నోట్లో కందిరీగలు గూడు కట్టుకుని, ఆ గూడు కూడా ఎండిపోయి ఉంది. కబురు మోసే నికనోర్‌ను పిలిచాను.

"గట్టు మీద ఆఖరుసారి ఎప్పుడు ఊదావు?"

"మైకు వచ్చాక ఎందుకండీ పంతులమ్మ గారూ? మోకాళ్ళు పోతున్నాయి."

"మైకు ఎప్పుడొచ్చింది?"

"ఆరేళ్ళయింది."

పుస్తకాలు తీశాను. ఆరేళ్ళలో నలభై ఒక్క సభలు. నలభై ఒక్కసార్లు నా చేత్తో "గట్టు మీద మూడుసార్లు శంఖం ఊదించి" అని రాశాను. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూస్తే నాకే ఒళ్ళు మండింది. రోజూ చూసే గోడకు పగులొచ్చినా కనబడనట్టు, చేతికి అలవాటైన వాక్యం కంటికి కనబడలేదు. చెయ్యెత్తిన ప్రతివాడినీ లెక్కపెట్టానే గాని, ఎవరి చెయ్యి అక్కడ లేదో ఒక్కసారీ చూడలేదు.

ఫ్లొరియాన్ దగ్గరికి వెళ్ళాను.

"ఒరే, ఆ తీర్మానం చెల్లదు. పేటను పిలవలేదు."

"పిలిచామని మీరే రాశారుగా టీచర్. రాసి, ముద్ర కూడా పడ్డాక అదే నిజం."

"నేను రాసినంత మాత్రాన నిజమైపోతే నువ్వు మూడో తరగతి మొదటి ఏడాదే పాసయ్యేవాడివి."

వాడికి కోపం వచ్చింది. నాకు అంతకుముందే వచ్చింది. నిన్నటి సభలో లేచి, నలభై ఒక్క తేదీలూ చదివి, ఈ పుస్తకంలో మొదటి వాక్యం అబద్ధం, రాసింది నేను అని చెప్పాను. కొందరు నవ్వారు. ఎక్కువమందికి కోపం వచ్చింది, నీళ్ళు వెనక్కి పోతాయని. "రానివాళ్ళ కోసం వచ్చినవాళ్ళ నోట్లో మట్టి కొడతారా?" అని ఒకామె అరిచింది. పైపుల ఆఫీసుకు పంపాల్సిన తీర్మానం నకలు మీద నేను సంతకం పెట్టనన్నాను. పెట్టకపోతే పైపులు రావు. అధికారిని అందరి ముందు ధిక్కరించానని ఫ్లొరియాన్ నన్ను ఊరి కొట్లో పెట్టి తాళం వేయించాడు. కట్టుబాటు ప్రకారం వేయవలసిందే, తప్పు పట్టను. కుర్చీ అడిగితే ఇచ్చాడు. గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. గోడ మీద కుర్రాళ్ళు బొగ్గుతో రాసినవన్నీ చదివాను. ఫ్లొరియాన్ పేరు రెండు చోట్ల ఉంది.

బయటికి తీసుకొచ్చాక సభ ఒప్పుకుంది. పాత తీర్మానం పక్కన పెట్టారు. ఏప్రిల్ 12న మళ్ళీ సభ. ఈసారి పేటకు కాగితం మీద పిలుపు వస్తుంది. దాన్ని నేనే రాశాను, ఇందులో పెట్టాను. రుఫీనా అందినట్టు సంతకం చేసి, ఇద్దరి సాక్ష్యంతో తిరిగి పంపాలి.

నువ్వు చెప్పింది నిజమే. చెప్పిన తీరు మాత్రం మర్యాదగా లేదు.

అమ్మమ్మ


ఎల్ కార్రిసాల్,
మార్చి 26

అమ్మమ్మ గారికి,

మీరు కొట్లో కూర్చున్నారని చదివి నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పిల్లలు పలకలు పక్కన పెట్టి నన్నే చూశారు. నా మర్యాద తక్కువైనందుకు క్షమించండి.

ఇప్పుడు నాకు ఇక్కడ ఇంకో తలనొప్పి. వీళ్ళు రారట. పిలుపు లేదని నెల రోజులు నా ప్రాణం తోడేశారు, పిలుపు వస్తే రారట. రుఫీనా గారితో నిన్న గంటసేపు వాదించాను.

"పిలవకుండా తీసుకుంటే దొంగతనం టీచరమ్మా. పిలిచి, కూచోబెట్టి, కాఫీ పోసి, చేతులు లెక్కపెట్టి తీసుకుంటే తీర్మానం. నీళ్ళు ఎట్టయినా అటే పోతాయి. దొంగతనమైతే పట్నం పోయి కేసేస్తాం. తీర్మానం మీద ఎవడి దగ్గరికి పోతాం చెప్పు?"

"అంటే ఓడిపోతామని తెలిసి రానంటారా?"

"వాళ్ళు రెండొందలు, మేం అరవై. నాకు చదువు లేదు గానీ ఆ మాత్రం లెక్క వచ్చు. మేం పోయి చేతులెత్తితే మా నీళ్ళు మేమే రాసిచ్చినట్టు."

మీ దగ్గర దీనికి జవాబు ఉందా? నాకు ఒక్కోసారి ఆవిడ మాటే సరైనదనిపిస్తోంది.

నెరేయిదా


సాన్ బార్తొలో,
మార్చి 30

నెరేయిదాకు,

రుఫీనా తెలివైనది. ఆమెకు ఈ ముక్కలు చదివి వినిపించు.

"అమ్మా, గెలుస్తారని నేను మాటివ్వలేను. ముందే మాటిస్తే అది సభ కాదు, నాటకం. మీరు రాకపోతే ఊరివాళ్ళు నీళ్ళ గురించి మాట్లాడతారు, మీ గురించి మాట్లాడరు. నా కొలువు నేను చేస్తాను. మీరు అన్న ప్రతి మాటా అన్నది అన్నట్టు పుస్తకంలో ఉంటుంది, ఫ్లొరియాన్ దగ్గినా సరే. కేసు వేయాలనుకుంటే ఆ పుస్తకమే మీకు సాక్ష్యం. రావడానికి రెండు గంటల నడక. నీళ్ళ కోసం నడవడం మీకూ అలవాటే, నాకూ అలవాటే."

మొదటి తరగతి చదివినా చాలు, పిలుపు మీద సంతకం పెట్టమను. సాక్షుల పేర్లు పూర్తిగా రాయించు.

అమ్మమ్మ


ఎల్ కార్రిసాల్,
ఏప్రిల్ 9

అమ్మమ్మ గారికి,

వస్తున్నారు. అరవై నలుగురు. మీ మాటలు విని రుఫీనా గారు సంతకానికి కలం అడిగారు. తరువాత, "ఆ ముసలామె నాకంటే మొండిది" అన్నారు. సంతకం పంపుతున్నాను.

నేను రాలేను. పెద్దవాళ్ళంతా కొండెక్కితే ఇరవై ముగ్గురు పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి. జరిగింది జరిగినట్టు రాయండి.

నెరేయిదా


సాన్ బార్తొలో,
ఏప్రిల్ 13

నెరేయిదాకు,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నీకు నచ్చదు.

ఊరివాళ్ళు 179, పేటవాళ్ళు 64, మొత్తం 243 మంది. పుస్తకంలో మొదటి వాక్యం ఈసారి ఆరు పంక్తులైంది, ఎవరిని ఏ రోజు ఎవరు ఎలా పిలిచారో రాశాను. ఫ్లొరియాన్ చదవలేక నీళ్ళు తాగాడు. అయిదు గంటలు జరిగింది. ఎద్దును పక్కన పెట్టించాను, అదొక విజయం.

రుఫీనా నిలబడి మాట్లాడింది. "ఎండలొస్తే మీ కుళాయి ఆగిపోద్ది. అది కష్టమే, కాదనను. మాకు ఊట ఆగిపోతే పేటే ఆగిపోద్ది. రెండూ ఒకటేనా?" అంది. వెనక నుంచి ఎవరో, "పేటోళ్ళు మా పనులకొస్తారా, ఇప్పుడు నీళ్ళడగడానికి!" అన్నారు. ఆమె తిరిగి చూడనైనా లేదు. "మీ తల మీదున్న ఈ రేకులు ఎవరు మోశారు నాయనా? లారీ రాక మేం గట్టు మీద నుంచి వీపు మీద తెచ్చాం. ఎండ తగుల్తుందా నీకు?" అంది. కోర్టంతా ఒకసారి పైకి చూసింది. నేనూ చూశాను.

తరువాత ఊరివాళ్ళు ఒక్కొక్కరు లేచారు. ఫిబ్రవరిలో అవునన్నవాళ్ళలో చాలామందికి ఆ ఊట పేట తాగేదని తెలియదట. తెలిసినవాళ్ళు అప్పుడు మాట్లాడలేదట. వాళ్ళను ఏమనాలో నాకు తెలుసు, రాయను.

చేతులు నేనే లెక్కపెట్టాను. పైపుకు అవును, 139. కాదు, 104. పేటవాళ్ళు అరవై నలుగురూ, ఊరివాళ్ళు నలభై మందీ. ఓడిపోయారు.

రాసేవాళ్ళు ఆఖరున చెయ్యెత్తాలి. ఆ 139లో ఆఖరు చెయ్యి నాది. దాచను. నాకు నీళ్ళు కావాలి.

అమ్మమ్మ


ఎల్ కార్రిసాల్,
ఏప్రిల్ 16

అమ్మమ్మా,

మరి కొట్లో కూర్చున్నది దేనికి? మీరు లేచి అబద్ధమని చెప్పి, వీళ్ళను రెండు గంటలు నడిపించి, ఎదురుగా నిలబెట్టి, వీళ్ళ మీద చెయ్యెత్తారా? ఫ్లొరియాన్ అంతకంటే నయం. అతను కనీసం వీళ్ళను కాఫీకి పిలవలేదు.

రుఫీనా గారు నాకంటే ప్రశాంతంగా ఉన్నారు. అది చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఇల్లిల్లూ తిరిగి ఎవరి దగ్గర గునపాలున్నాయో అడుగుతున్నారు. దేనికని అడిగితే, "కాలువ తవ్వాలిగా, తీర్మానమైంది" అన్నారు. నాకేమీ అర్థం కావడం లేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

నెరేయిదా


సాన్ బార్తొలో,
మే 25

నెరేయిదాకు,

నీ ఉత్తరంలో తేదీ కింద "గారికి" లేదు. నెలకు పైగా నువ్వు మళ్ళీ రాయలేదు. నేను రాస్తున్నాను.

కొట్లో కూర్చున్నది వాళ్ళకు చెయ్యి ఉందని చెప్పడానికి. నా చెయ్యి వాళ్ళకు ఇవ్వడానికి కాదు. వాళ్ళు నీళ్ళు కావాలని ఎత్తారు, నేనూ నీళ్ళు కావాలనే ఎత్తాను. నేను జాలిపడి ఎత్తి ఉంటే రుఫీనా నా మొహం మీద నవ్వేది. నీకు ఇది పద్ధతి తప్పినట్టు కనబడుతోంది. నాకు అబద్ధం రాయడం ఒక్కటే పద్ధతి తప్పడం.

ఇక కాలువ. పైపులు ఏప్రిల్ ఆఖరుకు వచ్చాయి. సిలువ పండుగకు ఊట దగ్గర పూలు పెట్టి, ఆ తరువాతి శనివారం నుంచి ఊరిపని మొదలుపెట్టారు. ఇంటికి ఆరు రోజులు. పైపు పేటది కాదు కాబట్టి వాళ్ళు రానక్కరలేదు. అయినా మొదటి శనివారం పొద్దున్నే గట్టు మీద నుంచి అరవై నలుగురూ దిగారు, భుజాల మీద గునపాలతో, వెనక ఆడవాళ్ళు తొర్తియా రొట్టెల బుట్టలతో. ఫ్లొరియాన్ పొంగిపోయాడు.

"చూశారా టీచర్! ఓడినా ఎంత పెద్ద మనసో!"

నేను హాజరు రాసుకున్నాను. ప్రతి శని, ఆదివారాలూ వచ్చారు. రాయి ఉన్న చోట వాళ్ళే తవ్వారు. మన ఊరివాళ్ళ సంగతి నీకు తెలుసు. రోడ్డు పని నాటి నుంచీ సగం మందికి నడుం నొప్పి, పట్నం నుంచి కూలిమనిషిని పంపుతారు. ఫ్లొరియాన్ కూడా పంపాడు.

నిన్న సాయంత్రం హాజరు కూడుతూ ఉంటే నా కలం ఆగింది. కట్టుబాటు ఏమిటి? ఏ పనికి ఎవరు తమ చేత్తో ఆరు రోజులూ చెమటోడుస్తారో, ఆ పని మీద తరువాత మాట వాళ్ళకే. కూలిని పంపినవాడికి నీళ్ళు ఉంటాయి, మాట ఉండదు. నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. చేత్తో ఆరు రోజులూ చేసిన ఊరివాళ్ళు 92. పేటవాళ్ళు 64.

ముసలి మొద్దును నేను. మూడు వారాలు పేర్లు రాశాను, ఏం రాస్తున్నానో చూడలేదు. ఇది రెండోసారి.

జాబితా సాఫు రాసి ఆఫీసు తలుపుకు అంటించాను. చదవడం వచ్చినవాడు చదువుకోవచ్చు. ఇప్పటికి ఎవడూ ఆగి చదవలేదు.

అమ్మమ్మ


ఎల్ కార్రిసాల్,
జూన్ 11

అమ్మమ్మ గారికి,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, పరుగెత్తుకుంటూ రుఫీనా గారి దగ్గరికి వెళ్ళాను.

"ముందే అనుకున్నారా మీరు?"

"చేతులెత్తి ఓడాం. చేతులు ఇంకా ఉన్నాయిగా. ఇంకో పనికి వాడాం."

ఆవిడ అడుగుతున్నది ఇది. పైపు ఉంటుంది. కాందెలారియా పండుగ నాటి నుంచి, అంటే ఫిబ్రవరి 2 నుంచి తొలివాన దాకా, ఊట దగ్గర వాల్వు కట్టేయాలి. ఎండల్లో ధార పేటకు, మిగిలిన ఎనిమిది నెలలూ ఊరికి. వచ్చే సభలో ఇది పెట్టమని కాగితం పంపుతున్నారు. కింద అరవై నాలుగు సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి.

అమ్మమ్మా, నాలుగు నెలలుగా మీతో పోట్లాడుతున్నాను. ఎండల్లో మీరు రోజుకు ఎన్ని బకెట్లు మోస్తారని ఒక్కసారీ అడగలేదు. ఎన్ని?

నెరేయిదా


సాన్ బార్తొలో,
జూన్ 29, సోమవారం

నెరేయిదాకు,

ఆరు. పొద్దున మూడు, సాయంత్రం మూడు. కింది బజారు బావి నుంచి నూట పద్నాలుగు మెట్లు. అడిగావు కాబట్టి చెప్పాను, ఓదార్చవద్దు.

నిన్నటి సభ. రుఫీనా కాగితం చదివాను. ఫ్లొరియాన్ లేచి, "రెండుసార్లు తేలిపోయిన సంగతి మళ్ళీ ఎందుకు?" అన్నాడు. రుఫీనా, "పైపు వద్దనలేదుగా అధ్యక్షా. మేం తవ్విన కాలువలో వాల్వు ఎప్పుడు తిప్పాలో అడుగుతున్నాం" అంది. అప్పుడు నేను జాబితా తీసి చదివాను. నూట యాభై ఆరు పేర్లు. పేరు పేరుకూ ఆరు తేదీలు. చదవడానికి నలభై నిమిషాలు పట్టింది. తమ పేరు రాదని తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే కిందికి చూశారు. ఫ్లొరియాన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"టీచర్, నా పేరు?"

"నీ కూలిమనిషి పేరు రాసుకున్నాను. అతను ఈ ఊరివాడు కాడు."

అరుపులు వచ్చాయి. ఊరి పైపు మీద ఊరికే మాట లేదా అన్నారు. నికనోర్ లేచాడు, మోకాళ్ళు పోయినా ఆరు రోజులూ తవ్వినవాడు. "కట్టుబాటు పేటోళ్ళు పుట్టించారా? మన తాతలు పుట్టించారు. మనకి నొప్పిగా ఉన్న రోజున మాత్రం తప్పైపోద్దా?" అన్నాడు. దాని మీద గంటసేపు రభస జరిగి, చివరికి చేతులెత్తడానికి నూట యాభై ఆరు మందే ముందుకొచ్చి నిలబడ్డారు. మిగిలినవాళ్ళు కోర్టు గీత అవతల నుంచి చూశారు. ఎవరూ వాళ్ళను నెట్టలేదు. వాళ్ళంతట వాళ్ళే వెనక్కి జరిగారు.

అవును, 81. కాదు, 75. పేట అరవై నాలుగూ, ఊరివాళ్ళు పదిహేడు మందీ అవునన్నారు.

నాకు మాట లేదు. డెబ్బై దాటినవారికి ఊరిపని మినహాయింపు, గునపం పట్టలేదు, చెయ్యెత్తలేదు. ఉండి ఉంటే కాదనే ఎత్తేదాన్ని. అప్పుడు 81కి 76. అయినా ఓడిపోయేదాన్నే. రెండుసార్లు కూడి చూసుకున్నాను.

చీకటి పడకముందు ఫ్లొరియాన్ ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఆరు చేతుల తేడాయే కదా టీచర్. అంత గుంపులో... ఎక్కడైనా పొరబడి ఉంటారేమో. మీకూ నీళ్ళు కావాలిగా."

"లెక్క సరిగ్గానే ఉందిరా. అదే నా బాధ."

వాడు టోపీ పెట్టుకుని, "అయితే రేపు ముద్ర వేస్తాను" అని వెళ్ళిపోయాడు. ఈ పొద్దున వేశాడు. మంచి మార్కులు ఎప్పుడూ రాలేదు గాని, వాడు చెడ్డవాడు కాడు. దాని కింద నా సంతకం చేశాను. కోపంతో చేసినా అక్షరాలు వంకర పోలేదు.

ఫిబ్రవరి వస్తే నా కుళాయి మళ్ళీ ఆగిపోతుంది. ఎవరూ దొంగిలించలేదు, నేను ఓడిపోయాను. ఈ రెంటికీ తేడా ఏమిటో నీకు పెద్ద పెద్ద మాటల్లో చెప్పగలను. కానీ ఆరు బకెట్లు మోసేటప్పుడు మాటలు బరువు. నూట పద్నాలుగు మెట్ల మీదా ఎవరినీ తిట్టుకోకుండా ఎక్కగలనని మాత్రం అనుకుంటున్నాను. సభ ఆలస్యంగా మొదలుపెట్టినందుకు ఫ్లొరియాన్‌ను తిట్టుకుంటాను, అది వేరు.

రుఫీనాకు చెప్పు. ఫిబ్రవరి రెండున వాల్వు తిప్పేటప్పుడు నేను అక్కడ ఉంటాను. కొండ ఎక్కడానికి నాకు మూడు గంటలు పడుతుంది, అందుకని పొద్దున తొమ్మిదికి ముందు తిప్పవద్దను. ఒక్క రోజు ముందు కట్టినా ఒప్పుకోను.

అమ్మమ్మ